పాట్‌లక్‌కి ఏం పట్టుకెళ్ళాలి? పద్దెనిమిది పఫ్‌ల లెక్క

ప్రశ్న: అక్కా, మేము ఆగస్టులో డాలస్ వచ్చాం. క్రిస్మస్ ముందు శనివారం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు, పెట్టారు. ఇరవై మంది దాకా వస్తారు. సగం మనవాళ్ళు, సగం ఇక్కడివాళ్ళు. ‘అపెటైజర్’ (భోజనానికి ముందు తినేవి) అన్నచోట మావారు మా పేరు రాసేసి వచ్చారు. నాకు ఓవెన్ వాడడం రాదు. గారెలు వేసేయనా, లేక రెస్టారెంట్‌లో సమోసా ట్రే చెప్పేయమంటారా?

జవాబు: ట్రే మాత్రం చెప్పొద్దు తల్లీ. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మానెయ్యమని కొత్తగా వచ్చినవాళ్ళకి అందరూ చెప్తారు. నేను మార్చే చూడమంటాను, కనీసం మొదటి రెండేళ్ళు. ట్రే ధర, దాని మీద టాక్సు, తెచ్చేవాడికి టిప్పు, మూడూ కూడి చూడు. అందులో నాలుగో వంతు పెట్టుబడితో ఇంట్లోనే ఇరవై మందికి సరిపడా తయారవుతుంది. పైగా ఇది డిసెంబరు. గిఫ్టులనీ, సేల్ అనీ చేతిలో డబ్బు నీళ్ళలా పోయే నెల. ఒక్క ట్రేనే కదా అనుకుంటే అలాంటి ‘ఒక్కటే కదా’లు జనవరి బిల్లులో వరసగా కనిపిస్తాయి.

గారెలు కూడా వద్దు. నీ చేతివాటం మీద అనుమానం లేదు, ఆ అపార్ట్‌మెంట్ వంటింటి మీదే. చాలాచోట్ల పొయ్యి మీద బిగించే మైక్రోవేవ్‌కే ఫ్యాను ఉంటుంది. అది పొగని బయటికి పంపదు, జల్లెడ పట్టి మళ్ళీ ఇంట్లోకే వదులుతుంది. నలభై గారెలు వేసేసరికి స్మోక్ అలారం మోగుతుంది, కార్పెట్‌కీ కోట్లకీ నూనె వాసన పడుతుంది. ఖాళీ చేసేరోజు ఆ కార్పెట్ లెక్క మన డిపాజిట్‌లోంచే తీసుకుంటారు. ఆ నియమాలన్నీ లీజు కాగితాల్లో ఉంటాయి, చూసుకో. మిగిలిన నూనె సింకులో పోశావో, గొట్టంలో గడ్డకట్టి ఇంకో ఖర్చు. ఇంతా చేస్తే గారె అరగంటకి చల్లారి సాగుతుంది. ఏ పూటకా పూట వేడిగా తినే వంటకం పాట్‌లక్ బల్లకి పనికిరాదు.

నన్నడిగితే కర్రీ పఫ్ చెయ్యి. మన ఊళ్ళ బేకరీల్లో తిన్నదే. ఇక్కడ ఫ్రోజెన్ పఫ్ పేస్ట్రీ డబ్బాలో రెండు షీట్లుంటాయి. ఒక్కో షీటు మూడు మడతలు పెట్టి ఉంటుంది. విప్పి అడ్డంగా మూడు, నిలువుగా మూడు కోస్తే తొమ్మిది ముక్కలు. రెండు షీట్లకి పద్దెనిమిది పఫ్‌లు. తర్వాత భోజనం ఉంది, పది ఇళ్ళవాళ్ళు పది రకాలు తెస్తారు కాబట్టి ఇరవై మందికి ఒక్కో రకం పద్దెనిమిది చాలు. మనవాళ్ళకి తక్కువవుతుందేమోనన్న భయం ఎక్కువ. నలభై చేసి ఇరవై వెనక్కి మోసుకొచ్చుకుని వారం రోజులు అవే తినడం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఒకటి.

కూరకి ఈ కొలత చాలు: ఒక పెద్ద రసెట్ బంగాళాదుంప (సుమారు 300 గ్రాములు), మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, ఫ్రోజెన్ బఠాణీ-క్యారెట్ ముప్పావు కప్పు, సెరానో మిరపకాయలు రెండు, అల్లం ఒక టీస్పూను, నూనె రెండు టేబుల్ స్పూన్లు, జీలకర్ర, కరివేపాకు, పసుపు, కారం ముప్పావు టీస్పూను, గరం మసాలా అర టీస్పూను, మామూలు ఉప్పు ఒక టీస్పూను, చివర్న అర నిమ్మచెక్క. ఎర్రతొక్క దుంపలు కొనకు, అవి జిగురుగా ఉంటాయి. రసెట్ పొడిపొడిగా విడుతుంది. దుంపని ముక్కలు కోసి ఉడకబెడితే నీళ్ళు పీలుస్తుంది. ఫోర్కుతో ఏడెనిమిది పోట్లు పొడిచి, తొక్కతోనే మైక్రోవేవ్‌లో ఎనిమిది నుంచి పది నిమిషాలు పెట్టు. మధ్యలో ఒకసారి తిప్పు. ఫ్రోజెన్ కూరముక్కలకి మంచు పట్టి ఉంటుంది. ఆ నీరంతా మూకుట్లోనే ఇగిరిపోవాలి. కూర గరిటె జారిస్తే ముద్దగా పడాలి, కారకూడదు.

ఇక్కడే అందరూ పప్పులో కాలేసేది. కూర దించగానే షీటు మీద పెట్టేస్తారు. పఫ్ పేస్ట్రీ అంటే పలచటి పిండి పొరలూ, వాటి మధ్య కొవ్వు పొరలూ. ఓవెన్‌లో పిండిలోని తేమ ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది, అవి ఒకదానికొకటి అంటుకోకుండా కొవ్వు చూసుకుంటుంది. కూర వేడిగా ఉంటే ఓవెన్‌లోకి వెళ్ళకముందే కొవ్వు కరిగి పిండిలో ఇంకిపోతుంది. ఇక పొరలే లేవు కాబట్టి లేచేదీ లేదు. పైన రంగు బాగానే వస్తుంది, అడుగు మాత్రం పచ్చి చపాతీలా ఉంటుంది. నా మొదటి డబ్బా అచ్చంగా ఇలాగే పోయింది. కూరని వెడల్పాటి పళ్ళెంలో పరిచి అరగంట ఆగు. వేలు పెడితే చల్లగా తగలాలి.

షీటు డబ్బాని ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చు. మర్చిపోతే బయట నలభై నిమిషాలు. అంతకంటే ఎక్కువ వద్దు, హీటర్ నడుస్తున్న ఇంట్లో మెత్తబడి చేతికి అంటుకుంటుంది. ఇంకా గట్టిగా ఉండగానే విప్పితే మడత దగ్గర చీలుతుంది. చీలినచోట తడివేలితో నొక్కు, అతుక్కుంటుంది. ఒక్కో ముక్కకీ ఒకటిన్నర టేబుల్ స్పూను కూర, అంతే. ఆశపడి రెండు పెడితే ఓవెన్‌లో నోరు తెరుస్తుంది. అంచులకి నీళ్ళు రాసి మూలకి మూల కలిపి త్రికోణంగా మడిచి ఫోర్కుతో నొక్కు. పైన గుడ్డు రాస్తే బంగారు రంగు వస్తుంది. గుడ్డు తినని వాళ్ళుంటారు కాబట్టి రెండు స్పూన్ల పాలలో చిటికెడు పంచదార కలిపి రాయి. పైభాగానికే రాయాలి. పక్క అంచుల మీదికి కారితే పొరలు అతుక్కుపోయి ఆ వైపు లేవదు.

ఇక నువ్వు భయపడే ఓవెన్. ముందు తలుపు తీసి లోపల చూడు. మనకి అందులో మూకుళ్ళు, ప్లాస్టిక్ డబ్బాలు దాచుకునే అలవాటు. చూడకుండా ఆన్ చేస్తే ఆ రోజు వంట ప్లాస్టిక్ వాసనతో సరి. 400 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పెట్టు, మన లెక్కలో సుమారు 200 సెల్సియస్. కన్వెక్షన్ అంటే ఫ్యాను తిరిగేదైతే 375 చాలు. వేడెక్కిందని బీప్ కొట్టగానే నమ్మకు, ఇంకో పది నిమిషాలు ఆగు. వేడి తక్కువైతే ఆవిరి పుట్టేలోపే కొవ్వు కరిగి ట్రేలోకి కారిపోతుంది. మధ్య అరలో 20 నుంచి 25 నిమిషాలు. పైన రంగు చూసి తీసెయ్యొద్దు. ఒకదాన్ని అట్లకాడతో ఎత్తి అడుగు చూడు. అడుగు కూడా గోధుమ రంగు వచ్చాకే తియ్యాలి.

ట్రేలో వేసే కాగితం పార్చ్‌మెంట్ పేపర్. దాని పక్కనే, అదే ఆకారంలో, కాస్త చవగ్గా వాక్స్ పేపర్ ఉంటుంది. డాలరు మిగిలిందని అది తెచ్చుకున్నావో, మైనం కరిగి ఇల్లంతా పొగ. నా పొదుపు ఒకసారి అలా అలారం మోగించింది. కొట్లో పేర్లు ఇంకా ఎన్ని మోసాలు చేస్తాయో విను. మనం కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి పొడి పేరు ఇక్కడ కార్న్ స్టార్చ్. కార్న్ ఫ్లోర్ అని అడిగితే పసుపుపచ్చ మొక్కజొన్న పిండి చేతిలో పెడతారు. కొత్తిమీర సిలాంట్రో, ధనియాలు కొరియాండర్, మైదా ఆల్ పర్పస్ ఫ్లోర్. బియ్యప్పిండి కవరు మీద గ్లూటినస్ అనో స్వీట్ రైస్ అనో ఉంటే జంతికలకి తీసుకోకు, అది జిగురు బియ్యం పిండి, కరకరలాడదు. కోషర్ సాల్ట్ రవ్వలు పెద్దవి, కొన్ని రకాల్లో ఒక స్పూనుకి పట్టే ఉప్పు, మామూలు ఉప్పు స్పూనులో సగమే ఉంటుంది.

ఇంకో రకం కూడా పెట్టాలనిపిస్తే పొయ్యి వెలిగించక్కర్లేనిది ఉంది. 8 ఔన్సుల క్రీమ్ చీజ్ దిమ్మని గంట బయట పెట్టి మెత్తబరిచి, రెండు టేబుల్ స్పూన్ల ఆవకాయ గుజ్జు, గుప్పెడు సన్నగా తరిగిన కొత్తిమీర వేసి కలుపు. ఆవకాయలో ముక్కలు, టెంక పెంకులు లేకుండా చూసుకో, ఇక్కడివాళ్ళకి టెంక పెంకు సంగతి తెలియదు. ఊట నూనె పైన ఒక్క చుక్క చాలు. క్రాకర్లతోనో, నిలువుగా కోసిన కీరా, క్యారెట్ ముక్కలతోనో పెట్టు. తొందరపడి మైక్రోవేవ్‌లో మెత్తబరిస్తే అంచులు కరిగి మధ్యలో ఉండలు మిగులుతాయి. డబ్బాలో వచ్చే విప్డ్ రకం కొనకు, గాలికి కూడా డబ్బు కట్టినట్టు. ఉప్పు వెయ్యకు, ఆవకాయలో ఉన్నదే ఎక్కువ.

మాంసం తినేవాళ్ళ కోసమైతే ఓవెన్‌లోనే చికెన్ 65. హలాల్ కావాలా అని ముందే కనుక్కో. బోన్‌లెస్ థైస్ రెండు పౌన్లు తీసుకుని అంగుళం ముక్కలు కోయి. బ్రెస్ట్ కొంటే ఓవెన్‌లో ఎండిపోతుంది, పైగా చాలాచోట్ల దాని ధరే ఎక్కువ. పెరుగు పావు కప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర టేబుల్ స్పూను, కాశ్మీరీ కారం ఒక టేబుల్ స్పూను, ఉప్పు ఒకటిన్నర టీస్పూను పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. ఓవెన్‌లో పెట్టే ముందే మూడు స్పూన్ల కార్న్ స్టార్చ్, రెండు స్పూన్ల బియ్యప్పిండి, రెండు స్పూన్ల నూనె కలుపు (ఇవి టేబుల్ స్పూన్లు). పిండి రాత్రే కలిపితే నీరు వదిలి జారుతుంది. ముక్కకీ ముక్కకీ ఎడం ఉండాలి. ఇరుకుగా పేరిస్తే వేగవు, ఆవిరికి ఉడుకుతాయి. 425 దగ్గర సుమారు 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పు. ముక్క లోపల వేడి 165 డిగ్రీలు దాటాలి. చిన్న థర్మామీటర్ కొను, ఇది వృథా ఖర్చు కాదు. చివర్న కరివేపాకు, వెల్లుల్లి, పచ్చిమిర్చి తాలింపు. కరివేపాకు చలికాలంలో గుప్పెడు కవరుకే ప్రాణం తీస్తారు. దొరికినప్పుడు కడిగి, తడి లేకుండా ఆరబెట్టి ఫ్రీజర్‌లో దాచుకో. రంగు మారినా తాలింపుకి పనికొస్తుంది.

పళ్ళెం పక్కన ఒక కార్డు ముక్క పెట్టి అందులో ఏమేం ఉన్నాయో రాయి: గోధుమ, పాలు, రాసి ఉంటే గుడ్డు. ఇక్కడ ముఖ్యమైన అలర్జీ పదార్థాలు తొమ్మిది. 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా ఆ జాబితాలో చేరాయి. పూర్తి జాబితా ఎఫ్‌డీఏ (ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) వాళ్ళ దగ్గర దొరుకుతుంది. పల్లీ చట్నీ ఎంత బాగా చేసినా ఇంట్లోనే ఉంచు. వేరుశనగ పడని పిల్లలకి అది మామూలు దద్దురుతో పోయే విషయం కాకపోవచ్చు. చట్నీ కావాలంటే కొత్తిమీర-పుదీనాది చెయ్యి, పచ్చిమిర్చి ఒక్కటే వేసి. కారం కావాల్సిన మనవాళ్ళకి ఆవకాయ ఉండనే ఉంది. వెజ్‌కీ నాన్‌వెజ్‌కీ రెండు పట్టకార్లు పెట్టు. ఒక్కటే పెడితే శాకాహారులు పఫ్ ముట్టుకోరు, చేసిందంతా నష్టం.

పనంతా ఆ రోజే పెట్టుకోకు. పఫ్‌లు రెండు వారాల ముందే మడిచి, ట్రేలో దూరం దూరంగా పెట్టి రెండు గంటలు ఫ్రీజ్ చేసి, గట్టిపడ్డాక జిప్ కవర్లో వేసుకో. పేస్ట్రీ డబ్బాలు నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ సేల్‌లో తక్కువకి వచ్చినప్పుడే కొనేసుకోవచ్చన్నమాట. కాల్చేటప్పుడు కరిగించక్కర్లేదు, గడ్డగానే ఓవెన్‌లో పెట్టి అయిదు నిమిషాలు ఎక్కువ ఉంచు. బయల్దేరే గంట ముందు కాల్చి, జాలీ మీద పది నిమిషాలు ఆరనిచ్చి, అల్యూమినియం ట్రేలో సర్ది, ఫాయిల్ వదులుగా కప్పు. గట్టిగా మూస్తే లోపలి ఆవిరికి పొరలన్నీ మెత్తబడతాయి. ఆ పలచటి ట్రే వేడి సరుకుతో ఎత్తితే మధ్యలో వంగుతుంది, కింద ఒక బేకింగ్ షీటు పెట్టుకుని మొయ్యి. క్లబ్‌హౌస్‌లో ఓవెన్ ఉంటే 350 దగ్గర ఎనిమిది నిమిషాలు వేడి చెయ్యి. మైక్రోవేవ్ మాత్రమే ఉంటే చల్లగానే పెట్టు, అందులో పెడితే రబ్బరవుతాయి. క్రీమ్ చీజ్, చికెన్ బల్ల మీద రెండు గంటలకంటే ఎక్కువ ఉండకూడదు. ఆ తర్వాత మిగిలింది పారెయ్యాలి, నాకూ ప్రాణం ఒప్పదు కానీ తప్పదు. అందుకే రెండూ సగం సగం బయటపెట్టు, మిగతా సగం ఫ్రిజ్‌లోనే ఉంచు.

బేకింగ్ షీటు అడుగున మాస్కింగ్ టేపు అంటించి మీ ఇంటి నంబరు రాసి పట్టుకెళ్ళు. పార్టీ అయ్యాక అందరి షీట్లూ ఒకేలా ఉంటాయి, కొత్తది కొనాలంటే మళ్ళీ డబ్బులే.