ప్రశ్నలు – జవాబులు: కార్టర్ కుటుంబం పాటల ప్రస్థానం

అమెరికా కంట్రీ సంగీతంలో తొలితరం కుటుంబ బృందమైన కార్టర్ ఫ్యామిలీ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలన్నింటికీ ఈసారి ఒకేచోట జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: కార్టర్ ఫ్యామిలీని కంట్రీ సంగీతానికి మూలకుటుంబం అంటారు. ఎక్కడో కొండల్లో వ్యవసాయం చేసుకునే ఇంటివాళ్లు రికార్డులదాకా ఎలా రాగలిగారు? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఈ బృందంలో ఉన్నది ముగ్గురే. ఎ.పి. కార్టర్, ఆయన భార్య సారా, ఆయన తమ్ముడు ఎజ్రా భార్య మేబెల్. సారా, మేబెల్ పుట్టింటి వైపు రక్తసంబంధీకులు, మెట్టినింట తోడికోడళ్లు. వీరిది వర్జీనియా రాష్ట్రపు నైరుతి మూలన, క్లించ్ కొండ పక్కనున్న పూర్ వ్యాలీలోని మేసెస్ స్ప్రింగ్ అనే పల్లె. 1891లో పుట్టిన ఎ.పి. పండ్ల మొక్కలు అమ్ముతూ ఊళ్లు తిరిగేవారు. అలా తిరుగుతున్నప్పుడే కొండకు అవతల సారా పాట విని ఆగిపోయారని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. 1915లో వారి పెళ్లి జరిగింది. 1926లో మేబెల్ కోడలుగా వచ్చిన తరువాత, చర్చిలోనూ ఇరుగుపొరుగు ఇళ్లలోనూ పాడుకునే ఇద్దరి పాట ముగ్గురి పాట అయింది.

1927 వేసవిలో విక్టర్ రికార్డుల కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే నిర్మాత టెనెసీ, వర్జీనియా సరిహద్దు మీద ఉన్న బ్రిస్టల్ పట్టణానికి వచ్చారు. అంతకు రెండేళ్ల కిందటే మైక్రోఫోనుతో విద్యుత్ రికార్డింగు పద్ధతి వాడుకలోకి రావడం వల్ల, గట్టిగా అరవకుండా మామూలుగా పాడే గొంతుల్ని కూడా స్పష్టంగా పట్టుకోవడం సాధ్యమైంది. యంత్రాలను ఊరిదాకా తీసుకువెళ్లి, గాయకులను అక్కడికే రప్పించుకోవడం పీర్ పద్ధతి. మేసెస్ స్ప్రింగ్ నుంచి బ్రిస్టల్ నలభై కిలోమీటర్ల దూరమే అయినా, ఆనాటి కొండదారుల్లో, ఎజ్రా దగ్గర అడిగి తీసుకున్న కారులో, ఆ ప్రయాణం తేలికగా సాగలేదు. సారా ఒడిలో నెలల పసివాడు. పద్దెనిమిదేళ్ల మేబెల్ ఏడు నెలలు నిండిన గర్భిణి. ఆగస్టు 1న నాలుగు పాటలు, మరుసటి రోజు రెండు పాటలు రికార్డు చేశారు. పాటకు 50 డాలర్ల చొప్పున ముట్టింది; అమ్మకాల మీద కొద్దిపాటి రాయల్టీ కూడా ఒప్పుకున్నారు. కంట్రీ సంగీతంలో మరో ఆద్యుడైన జిమ్మీ రాడ్జర్స్ తొలి రికార్డింగు కూడా అదే ఊళ్లో, అదే వారంలో జరగడం వల్ల చరిత్రకారులు ఆ కొద్ది రోజులకు ఇప్పటికీ పెద్ద పీట వేస్తారు.

రెండో రోజు పాడిన రెండు పాటల్లోనూ ఎ.పి. గొంతు అసలు లేదని గమనించాలి. పాడింది సారా, గిటారు వాయించింది మేబెల్. బృందానికి సారథిగా ఆయన పేరే నిలిచినా, రికార్డు మీద చెవికి అందే శబ్దంలో అత్యధిక భాగం ఆ ఇద్దరు స్త్రీలదేనని నా దృఢాభిప్రాయం.

ప్రశ్న: నేను గిటారు నేర్చుకుంటున్నాను. మా గురువుగారు తరచుగా ‘కార్టర్ స్క్రాచ్’ అంటారు. అది ఎలా వాయించాలి? వాళ్ల పాటలు వింటున్నప్పుడు ముగ్గురూ వేర్వేరు స్వరాలు పాడుతున్నట్టు ఎందుకు అనిపిస్తుంది? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీకు సరిగ్గానే వినిపిస్తోంది. మన భజనలో పదిమంది కలిసి పాడినా అందరూ ఒకే స్వరం మీద నడుస్తారు. అక్కడ అలా కాదు. సారా నిండైన, కొంచెం కిందిస్థాయి గొంతుతో అసలు బాణీ పాడుతుంటే, మేబెల్ దానికి పొంతన కుదిరే మరో స్వరాన్ని ఎత్తుకుంటారు, ఎ.పి. తనకు తోచినప్పుడు మంద్రస్థాయిలో వచ్చి చేరతారు, తోచనప్పుడు ఊరుకుంటారు. ఆయన ఎప్పుడు అందుకుంటారో ముందుగా చెప్పలేకపోవడం కూడా ఆ రికార్డుల అందాల్లో ఒకటి.

ఇక గిటారు సంగతి. ఆ కాలంలో ఇటువంటి బృందాల్లో గిటారు చాలామటుకు తాళం పట్టడానికీ, శ్రుతికి ఆసరాగా ఉండటానికీ మాత్రమే ఉపయోగపడేది. బాణీ పలికించే పని ఫిడేలుదో బాంజోదో. మేబెల్ ఆ లెక్కను తిరగవేశారు. బొటనవేలితో పైన ఉండే మందపు తీగల మీద బాణీని ఒక్కొక్క స్వరంగా మీటుతూ, ఆ స్వరాల మధ్య ఖాళీల్లో చూపుడువేలితో కింది సన్నని తీగలను అటూ ఇటూ దువ్వుతారు. బాణీ, లయ రెండూ ఒకే చేతి నుంచి వస్తాయి. దీనికే ‘కార్టర్ స్క్రాచ్’ అని పేరు. నేర్చుకునేవారు సాధారణంగా బొటనవేలికి బలం చాలక, దువ్వే వేలినే ఎక్కువగా మోగిస్తారు. కొన్నాళ్లు బొటనవేలితో బాణీ ఒక్కటే నిదానంగా సాధన చేసి, అది స్థిరపడిన తరువాతే దువ్వడం కలుపుకోండి. సారా చేతిలోని వాద్యం ఆటోహార్ప్. మన స్వరమండలం వంటి తీగల పెట్టెకు మీటలు అమర్చి ఉంటాయి. ఒక మీట నొక్కితే, కలిసి మోగవలసిన స్వరాల మేళనకు (కార్డ్‌కు) అక్కరలేని తీగలు మూగబోయి, కావలసినవి మాత్రమే పలుకుతాయి.

1928 మే నెలలో న్యూజెర్సీలోని కామ్డెన్‌లో రికార్డు చేసిన ‘వైల్డ్‌వుడ్ ఫ్లవర్’ మేబెల్ గిటారు తీరుకు పాఠ్యగ్రంథం వంటిది. ఒక శతాబ్దం కావస్తున్నా, ఆ బాణీ దగ్గరే గిటారు మొదలుపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

ప్రశ్న: వాళ్ల ప్రసిద్ధ పాటల్లో చాలావాటికి మూలాలు పాతవని చదివాను. మరి వాటి మీద ఎ.పి. కార్టర్ పేరు ఎలా వచ్చింది? ఇది ఇతరుల సొత్తు తీసుకోవడం కాదా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మీరు చదివింది నిజం. ‘వైల్డ్‌వుడ్ ఫ్లవర్’ 1860లో అచ్చయిన ఒక పాటకు జనం నోళ్లలో పడి మారిన రూపం. ‘కీప్ ఆన్ ద సన్నీ సైడ్’ 1899 నాటి భక్తిగీతం. 1935లో రికార్డు చేసిన ‘కెన్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్’కు ఆధారం 1907 నాటి మరో భక్తిగీతం. ఎ.పి. వీటిని గాలిలోంచి పుట్టించలేదు. ఊరూరా తిరిగి, ముసలివాళ్ల నోట విని, సగం మరచిపోయిన చరణాలకు కొత్త చరణాలు అతికి, రికార్డుకు ఒక వైపున పట్టే మూడు నిమిషాలకు సరిపోయేలా మలిచారు. అలా మలచడంలో నిజమైన ప్రతిభ ఉంది. అయితే పీర్ వ్యాపారమంతా ప్రచురణ హక్కుల మీదే నడిచేది. పాట ఎవరో ఒకరి పేరున నమోదైతేనే హక్కు, హక్కు ఉంటేనే ఆదాయం. ఆ కారణంగా, వెనుక ఎంత చరిత్ర ఉన్నా, పాటలన్నీ ఎ.పి. కార్టర్ రచనలుగా నమోదయ్యాయి. ఆ రోజుల్లో అందరూ చేసిన పనే ఇది. అందరూ చేశారు కనుక న్యాయమని మాత్రం నేను అనను.

ఇక్కడ లెస్లీ రిడిల్ పేరు చెప్పకపోతే ఈ జవాబు అసంపూర్ణం. ఆయన నల్లజాతి గిటారిస్టు. ఉత్తర కరోలినాలోని బర్న్స్‌విల్‌లో పుట్టారు, సిమెంటు కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్నారు. జాతి విభజన చట్టాలు అమలులో ఉన్న రోజుల్లో ఎ.పి.తో కలిసి పాటల వేటకు ఊళ్లు తిరిగారు. ఎ.పి. మాటలు రాసుకునేవారు, బాణీ రిడిల్ మనసులో నిలిచేది. తిరిగి వచ్చాక ఆయన వాయించి వినిపిస్తే సారా, మేబెల్ నేర్చుకునేవారు. మేబెల్ గిటారు వాయించే తీరులో కూడా ఆయన నేర్పినది కొంత ఉంది. నల్లవారి చర్చిగీతాలు, బ్లూస్ పాటలు ఈ కొండ కుటుంబపు పాటల్లోకి వచ్చిన ముఖ్యమైన దారి ఆయనే. అయినా ఆ రికార్డుల మీద ఆయన పేరు లేదు, రాయల్టీలో ఆయనకు వాటా లేదు. 1960ల మధ్యలో మైక్ సీగర్ అనే జానపద సంగీతకారుడు వెతుక్కుంటూ వెళ్లి ఆయన పాటలు రికార్డు చేసేదాకా ఆయన సంగతి బయటివాళ్లకు దాదాపు తెలియదు. పాటలు సేకరించే ప్రతివారూ, అది ఏ భాషలోనైనా సరే, పాడినవారి పేరుతోపాటు దారి చూపినవారి పేరు కూడా రాసిపెట్టాలని నేను కోరుకోవడానికి రిడిల్ జీవితం ఒక్కటే చాలు.

ప్రశ్న: ఎ.పి., సారా విడాకులు తీసుకున్నారని విన్నాను. భార్యాభర్తలు విడిపోయాక కుటుంబ బృందం ఎలా నిలబడింది? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అప్పటి ప్రేక్షకులకు ఈ సంగతి ఏమాత్రం తెలియదు. బడి భవనాల్లో, చర్చిల్లో జరిగే వాళ్ల కచేరీల గోడపత్రికల మీద, ఈ కార్యక్రమం నీతిబద్ధమైనదని ప్రత్యేకంగా అచ్చువేసేవారు. టికెట్టు 15, 25 సెంట్లు. వచ్చినవారు పాటతోపాటు ఒక చక్కని కుటుంబాన్ని కూడా చూడటానికి వచ్చేవారు. ఆ కుటుంబంలోని ఒక స్త్రీ నెలల తరబడి భర్త ఇంట లేక, పిల్లల్నీ పొలాన్నీ తానే చూసుకుంటూ అలసిపోయిందన్నది వేదిక మీదికి రాని మాట. పాటల కోసం ఎ.పి. ఇల్లు విడిచి వెళితే తిరిగి ఎప్పుడు వస్తారో తెలిసేది కాదు. ఆ రోజుల్లోనే సారాకు ఎ.పి. బంధువైన కోయ్ బేయస్‌తో అనుబంధం ఏర్పడింది. ఆమె 1933లో ఇల్లు విడిచిపెట్టారు, 1936లో విడాకులు మంజూరయ్యాయి. ఆర్థిక మాంద్యంలో రికార్డుల అమ్మకాలు కుప్పకూలిన కాలం అది. పాటల ఆదాయం ముగ్గురికీ అవసరమే. పీర్ దంపతులు నచ్చజెప్పడంతో సారా రికార్డింగులకు మాత్రం వచ్చి పాడుతూ ఉండేవారు.

వారి పేరు దేశమంతటా మోగింది ఆ తరువాతే. 1938లో మెక్సికో గడ్డ మీద, టెక్సస్‌లోని డెల్ రియోకు ఎదురుగా ఉన్న ఎక్స్ఇఆర్ఎ రేడియో కేంద్రంలో పాడే ఉద్యోగం దొరికింది. మేకల గ్రంథులతో మగవారికి వైద్యం చేస్తానని ప్రచారం చేసి, కాన్సస్‌లో వైద్య లైసెన్సు పోగొట్టుకున్న జాన్ బ్రింక్లీ స్థాపించిన కేంద్రం అది. అమెరికాలో కేంద్రాలకు సాధారణంగా 50,000 వాట్లు మించి అనుమతి లేని రోజుల్లో ఇది లక్షల వాట్లతో ప్రసారం చేసేది. పొలాల్లోని ఇళ్లకు, గనుల ఊళ్లకు, కెనడాదాకా వాళ్ల పాట చేరింది. అర్కాన్సాస్‌లో పత్తి పొలాల మధ్య పెరుగుతున్న జానీ క్యాష్ అనే పిల్లవాడు, తరువాత ప్రసిద్ధ కంట్రీ గాయకుడైనవాడు, కూడా ఆ శ్రోతల్లో ఒకడు. సారా 1939లో కోయ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆ తరువాత కూడా ఆమె, ఎ.పి. ఒకే మైకు ముందు నిలబడి పాడారు. ఆ కాలపు పాటలు వింటున్నప్పుడు ఆ ఇద్దరి గొంతుల్లో చేదు కోసం నేను చెవి ఒగ్గి విన్నాను. నాకు ఎక్కడా వినపడలేదు. 1941లో చివరి రికార్డింగు జరిగింది. 1943లో ఉత్తర కరోలినాలోని షార్లట్ రేడియో ఒప్పందం ముగిశాక సారా కాలిఫోర్నియాకు, ఎ.పి. మేసెస్ స్ప్రింగ్‌కు వెళ్లిపోయారు; ఆయన అక్కడ దుకాణం పెట్టుకున్నారు. ఆయన 1960లో మరణించారు.

ప్రశ్న: జానీ క్యాష్ భార్య జూన్ కార్టర్ ఈ ఇంటి అమ్మాయేనా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అవును, మేబెల్, ఎజ్రాల రెండో కూతురు. అసలు బృందం విడిపోగానే మేబెల్ తన ముగ్గురు కూతుళ్లు హెలెన్, జూన్, అనితలతో కొత్త బృందం కట్టారు. రిచ్‌మండ్, నాక్స్‌విల్, స్ప్రింగ్‌ఫీల్డ్ రేడియోలు దాటుకుని 1950లో నాష్‌విల్‌లోని ప్రసిద్ధ కంట్రీ సంగీత రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీకి చేరారు. 1950ల చివర అవకాశాలు తగ్గినప్పుడు మేబెల్ రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల సేవకు వెళ్లి సంపాదించారు. అంతటి విద్వాంసురాలు ఆ పని చేయవలసి వచ్చిందన్నది నన్ను బాధపెట్టే విషయం. 1960లలో జానపద సంగీతం మీద మోజు పెరిగి, యువకులు ఆమె చేతివేళ్లు చూసి నేర్చుకోవడానికి న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవానికి వచ్చారు. 1967లో సారా, మేబెల్ అక్కడ మళ్లీ కలిసి పాడారు. జూన్, జానీ క్యాష్‌ల పెళ్లి 1968లో. 1970లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన తొలి బృందం కార్టర్ కుటుంబమే.

ప్రశ్న: మేము వర్జీనియాలోనే ఉంటున్నాము. పిల్లలతో వెళ్లి చూడదగినది ఏమైనా మిగిలి ఉందా? – ఒక తెలుగు కుటుంబం, రిచ్‌మండ్

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఎ.పి., సారాల కూతురు జానెట్ తండ్రికి ఇచ్చిన మాట ప్రకారం 1974లో ఆయన పాత దుకాణంలో శనివారం కచేరీలు మొదలుపెట్టారు; జనం పట్టక 1976లో పక్కనే కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్ అనే శాల కట్టించారు. అక్కడ మద్యం ఉండదు, పెద్దలూ పిల్లలూ కలిసి చెక్క నేల మీద నాట్యం చేస్తారు. విద్యుత్ వాద్యాలు వాడరాదన్న నియమం నుంచి మినహాయింపు జానీ క్యాష్‌కు ఒక్కరికే దక్కింది. 2003 జులైలో, జూన్ పోయిన కొన్ని వారాలకు, ఆయన చివరి కచేరీ ఆ వేదిక మీదే జరిగింది. దుకాణం ఇప్పుడు ప్రదర్శనశాల, ఎ.పి. పుట్టిన దుంగల ఇల్లును కూడా ఆ ఆవరణలోకే తెచ్చి నిలిపారు. దగ్గరలోని మౌంట్ వెర్నన్ చర్చి శ్మశానంలో ఎ.పి. సమాధి ఉంది. బ్రిస్టల్‌లో 2014లో తెరిచిన కంట్రీ సంగీత జన్మస్థల మ్యూజియంలో 1927 నాటి రికార్డింగు ఎలా జరిగిందో వివరంగా చూపిస్తారు. ముందు మ్యూజియం, తరువాత లోయ, సాయంత్రం కచేరీ అన్న వరుసలో వెళ్లండి. దారిలో పిల్లలకు 1927 ఆగస్టు 2న పాడిన రెండు పాటలూ వినిపించండి. ఒక గొంతు, దాని కింద గిటారు, ఆటోహార్ప్ మాత్రమే ఉంటాయి కనుక, ఎవరు ఏమి చేస్తున్నారో పసిపిల్లలకైనా విడివిడిగా తెలుస్తుంది.