నాన్నకు ఉద్యోగం కన్నా ముందు నిద్ర కావాలి

ప్రశ్న: మాది గిద్దలూరు దగ్గర పల్లె. నాన్న 24 ఏళ్లు ఆర్మీలో చేసి, హవల్దార్‌గా రిటైరై రెండేళ్ల క్రితం ఇంటికొచ్చారు. రెండుసార్లు కశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌లో ఉన్నారు. వచ్చాక మూడు ఉద్యోగాల్లో చేరి మూడూ మానేశారు. రాత్రిళ్లు సరిగా నిద్రపోరు, చిన్న విషయానికే అరుస్తారు. దీపావళి రోజు వెనక గదిలోంచి బయటికే రాలేదు. గన్ లైసెన్స్ తీసుకుని గార్డుగా చేరమని బంధువులు అంటున్నారు. ఆయనకు ఏ ఉద్యోగం సరిపోతుంది? నేను బీఎస్సీ చివరి ఏడాది. ఎంసీఏ చదవాలని ఉంది. మానేసి ఏదైనా పనిలో చేరిపోనా?

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. చివర అడిగినదానికి ముందు చెబుతాను. చదువు మానొద్దు. కారణం తర్వాత రాస్తాను.

ఇక నాన్నగారి సంగతి. కశ్మీర్‌లో రోజూ తెల్లవారుజామున కాన్వాయ్ కదలకముందే కొందరు జవాన్లు రోడ్డు వెంట నడుచుకుంటూ వెళ్లి మందుపాతరలు ఉన్నాయేమో చూస్తారు. రోడ్ ఓపెనింగ్ పార్టీ అంటారు. కల్వర్టు కింద, రాళ్ల కుప్ప వెనక, ఎవరో పారేసినట్టున్న సంచిలో, ఎక్కడైనా బాంబు ఉండొచ్చు. ఆ డ్యూటీ చేసి, నాయక్ హోదాలో రిటైరైన ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. ఊళ్లో బండి నడుపుతూ రోడ్డు పక్కన ఖాళీ సిమెంటు సంచి కనిపిస్తే చాలు, ఆయన ఆ పక్కకు పోకుండా అవతలి అంచుకు తిప్పేసేవారు. ఒకసారి వెనక కూర్చున్న భార్య కిందపడబోయింది. “సంచి అని తెలుసు సార్, కానీ చెయ్యి మాట వినదు” అన్నారు. ఏళ్ల తరబడి ఆయన ప్రాణం కాపాడిన అలవాటు అది. ఊరికొచ్చినంత మాత్రాన ఎలా పోతుంది? మీ నాన్నగారు టపాసులకు లోపలికి వెళ్లడం పిరికితనం కాదు. ఈ మాట మీ బంధువులకూ చెప్పు.

యుద్ధం నుంచి వచ్చినవాళ్లలో కనిపించే ఈ బాధకు అమెరికా వైద్యులు వియత్నాం యుద్ధం తర్వాత, 1980లో పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు. మీ నాన్నగారిది అదేనని నేను చెప్పలేను, ఆ మాట డాక్టరే చెప్పాలి. నెలకు మించి నిద్ర లేకపోవడం, ఉలిక్కిపడటం, పాత సంఘటనలు కళ్లముందుకు రావడం, మనుషులకు దూరంగా ఉండటం కనిపిస్తే మాత్రం తప్పకుండా చూపించాలి. వైద్యం ఉంది. ఆ జ్ఞాపకాలనే నెమ్మదిగా మాటల్లో పెట్టించే చికిత్సలున్నాయి, మందులూ ఉన్నాయి. ఒక్క సంగతి గమనించు. నిద్ర కోసం ఆర్మీ క్యాంటీన్ రమ్ మొదలుపెట్టారా? అది నిద్రను ఇంకా పాడుచేస్తుంది. డాక్టర్ దగ్గర దాచొద్దు.

నాకు కనిపిస్తున్న రెండో దెబ్బ హోదాది. 24 ఏళ్లు “హవల్దార్ సాబ్” అనిపించుకున్న మనిషిని గేటు దగ్గర పాతికేళ్ల సూపర్‌వైజర్ “ఏయ్ సెక్యూరిటీ” అని పిలిస్తే ఎలా ఉంటుందో ఊహించు. ఇంట్లో కూడా అంతే. రేషన్, బ్యాంకు, మీ కాలేజీ ఫీజులు అన్నీ మీ అమ్మగారే చూసుకుని ఉంటారు. ఏడాదికి రెండు మూడు నెలలు సెలవుకొచ్చే మనిషి ఇప్పుడు రోజూ ఉన్నారు, చేయడానికి ఆయనకంటూ పని మిగల్లేదు. అరుపుల్లో సగం అక్కడి నుంచే వస్తాయని నా అనుభవం. ఏదో ఒక పని పూర్తిగా ఆయనకే వదిలేయండి. కరెంటు బిల్లో, పొలం కౌలు లెక్కో, ఏదైనా సరే. చేశాక తప్పులు వెతకొద్దు.

డాక్టర్ దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి? “మెంటల్” అనే మాట ఇంట్లో ఎవరూ అనొద్దు. “నాన్నా, నిద్ర కోసం చూపించుకుందాం” అను. అది అబద్ధం కాదు, నిద్రతోనే మొదలవుతుంది. ఆయనకు ఈసీహెచ్ఎస్ కార్డు ఉండాలి. 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం అది. దగ్గర్లోని పాలిక్లినిక్‌కి వెళితే అక్కడి నుంచి మానసిక వైద్యుడికి రిఫర్ చేస్తారు. దీనివల్ల పెన్షన్ ఏమీ తగ్గదు. వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. వెళ్లనంటే 14416కి ఫోన్ చేయించు, లేదా ముందు నువ్వే చెయ్యి. అది టెలి మానస్, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోంది లాంటి మాట ఆయన నోట వస్తే మాత్రం వాయిదా వేయొద్దు. ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఇప్పుడు ఉద్యోగం. గన్ లైసెన్స్ ఆలోచన ఆపేయండి. ఇది గట్టిగా చెబుతున్నాను. నిద్రలేని మనిషికి రాత్రి కాపలా, ఒంటరితనం, చేతిలో తుపాకీ, ఈ మూడూ కలిపి ఇవ్వకూడదు. మిలట్రీ ఆయన అనగానే సెక్యూరిటీ గార్డు అనేయడం మనవాళ్లకు అలవాటైపోయింది. సైన్యంలో స్టోర్ నడిపినవాళ్లు, వైర్‌లెస్ చూసినవాళ్లు, బండ్లు బాగుచేసినవాళ్లు, కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చినవాళ్లు ఉంటారు. పగటి పని, నలుగురితో కలిసి చేసే పని, చివర్లో చేసింది కంటికి కనిపించే పని చూడండి. గోదాము స్టోర్‌కీపర్, బస్సుల వర్క్‌షాప్‌లో మెయింటెనెన్స్, స్కూల్లో పీఈటీకి సాయం, ఇలాంటివి.

సర్కారు కోటాకు తొందరపడొద్దు. కేంద్ర గ్రూప్-సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు స్థాయి పోస్టుల్లో 14.5 శాతం ఉంది. వయసులోంచి సర్వీసు తీసేస్తారు కాబట్టి 45 ఏళ్లయినా 21గా లెక్క. కానీ ఆ కోటాలో ఒకసారి సర్కారు ఉద్యోగంలో చేరాక మళ్లీ అదే ప్రయోజనం సాధారణంగా దొరకదు. మనసు కుదుటపడకుండా చేరి, పాత మూడింటిలా అదీ వదిలేస్తే చాలా నష్టం. ఆరు నెలలు వైద్యానికి ఇవ్వండి. ఈలోగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుంటే చాలు.

నీ చదువు. పెన్షన్ వస్తోంది, ఇల్లు గడుస్తోంది. నువ్వు మానేస్తే ఆ బరువు కూడా ఆయన మీదే పడుతుంది, “నా వల్ల బిడ్డ చదువు ఆగింది” అని. మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. ఎంసీఏ అందులోకి వస్తుంది, అమ్మాయిలకు నెలకు 3,000 రూపాయలు. డిగ్రీలో 60 శాతం ఉండాలి, ఎంసీఏ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. కేంద్రీయ సైనిక బోర్డు వెబ్‌సైట్‌లో చూడు. ఆ కాగితాలపై నాన్నగారి సంతకాలు కావాలి. ఆ పని ఆయన్నే చూడమను.

నీ ఉత్తరంలో ఒక్కటి లేదు. నాన్నగారి ట్రేడ్ ఏమిటి? 24 ఏళ్లు ఆయన రోజూ ఏ పని చేశారు? నీకు తెలియకపోవచ్చు, చాలా ఇళ్లలో తెలియదు. కాల్పుల గురించి అడగొద్దు, ఆయనంతట ఆయన చెబితే విను. పని గురించి మాత్రం అడుగు. ఏం నేర్చుకున్నారు, ఏది బాగా వచ్చు, ఎవరికి నేర్పారు అని. రిటైరైనప్పుడు ఆర్మీ ఇచ్చిన డిశ్చార్జ్ బుక్ చూపించమను. విన్నది రాసి పంపు, ఏ ఉద్యోగమో అప్పుడు చూద్దాం.