తటస్థత అన్న మాటే లేని తటస్థ ప్రకటన

ప్రశ్న: స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికాను సైన్యంతో, ఓడలతో, డబ్బుతో ఆదుకున్నది ఫ్రాన్స్. ఆ ఫ్రాన్స్ 1793లో బ్రిటన్‌తో యుద్ధానికి దిగితే, తాము ఎవరి పక్షమూ కాదని జార్జి వాషింగ్టన్ ప్రకటించడం కృతఘ్నత కాదా? ఫ్రాన్స్‌తో చేసుకున్న 1778 నాటి మైత్రీ సంధి ఏమైంది?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: సంధి మాట నిజమే. కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచి దీవులకు అమెరికా పూచీ పడుతుందని దాని 11వ అధికరణంలో ఉంది. అయితే ఆ పూచీ నిలబెట్టుకోవడానికి అమెరికాకు యుద్ధనౌక అంటూ ఒక్కటీ లేదు. చివరిదాన్ని 1785లోనే అమ్మివేశారు. ప్రభుత్వ రాబడిలో అధిక భాగం దిగుమతి సుంకాల నుంచి, ఆ దిగుమతులలో అధిక భాగం బ్రిటన్ నుంచి వచ్చేవి కనుక, బ్రిటన్‌తో యుద్ధమంటే సొంత ఖజానాకు తాళం వేసుకోవడమే. పైగా, మీరు యుద్ధంలోకి రావలసిన పనిలేదని ఫ్రెంచి రాయబారి జెనేయే చెప్పాడు. అందువల్ల కృతఘ్నత అన్న మాట ఇక్కడ అతకదని నా అభిప్రాయం.

ఫ్రెంచి విప్లవకారులు తమ రాజును వధించారు కాబట్టి రాజుతో చేసుకున్న సంధి చెల్లదా అని మంత్రివర్గంలో వాదన జరిగింది. సంధి రాజుతో కాదు, జాతితో చేసుకున్నదన్న విదేశాంగ మంత్రి జెఫర్సన్ మాటే నెగ్గింది. ఏప్రిల్ 22న వెలువడిన ప్రకటనలో తటస్థత అన్న పదం లేకపోవడమూ ఆయన పట్టుదల ఫలితమే. ఇరుపక్షాలతోనూ స్నేహంగా, నిష్పక్షపాతంగా మెలగాలని మాత్రమే అందులో రాశారు.

చిక్కంతా అమలులో వచ్చింది. ప్రకటనకు ముందే చార్లెస్టన్‌లో దిగిన జెనే, బ్రిటిష్ సరకు ఓడలను పట్టుకునేందుకు అమెరికా రేవుల్లోనే ప్రైవేటు ఓడలకు ఆయుధాలు సమకూర్చి, అమెరికన్లనే నావికులుగా చేర్చుకున్నాడు. ఫ్రెంచివారు పట్టుకున్న లిటిల్ సారా అనే బ్రిటిష్ ఓడ, ఆనాటి రాజధాని ఫిలడెల్ఫియా రేవులో, ప్రభుత్వం కళ్లెదుటే 4 ఫిరంగుల నుంచి 14 ఫిరంగులకు పెరిగింది. వాషింగ్టన్ ఊళ్లో లేడు. నది మీద ఫిరంగులు మోహరించి ఆపాలని ఆర్థిక మంత్రి హామిల్టన్, యుద్ధ మంత్రి నాక్స్ అంటే, అదే యుద్ధానికి దారితీయవచ్చునని జెఫర్సన్ వారించాడు; ఈలోగా ఓడ సముద్రం చేరింది. అటువంటి మరో ఓడలో పనిచేసిన గిడియన్ హెన్‌ఫీల్డ్ మీద ప్రభుత్వం కేసు పెట్టింది గాని, అది నేరమని చెప్పే శాసనం లేని స్థితిలో జ్యూరీ అతణ్ణి విడిచిపెట్టింది. కాంగ్రెస్ చేయని చట్టాన్ని అధ్యక్షుడి సంతకం భర్తీ చేయలేకపోయిందన్నమాట. 1794 జూన్ 5న కాంగ్రెస్ తటస్థతా చట్టం చేసిన తరువాతనే ఆ లోటు తీరింది.

ఇక ఆ సంధి చెల్లదని 1798లో కాంగ్రెస్ ఏకపక్షంగా ప్రకటించినా, ఫ్రాన్స్ దృష్టిలో అది 1800 వరకు బతికింది. 1798 నుంచి సముద్రం మీద రెండు దేశాల ఓడలూ ప్రకటించని యుద్ధమే చేసుకున్నాయి. దాన్ని ముగించిన ఒప్పందంతోనే 1778 నాటి మైత్రి నుంచి అమెరికా బయటపడింది.