మెమో రాసిన మీరే మధ్యవర్తిగా కూర్చోకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల) షాపు, మీరు షిఫ్ట్ ఇన్‌చార్జ్. ఉదయపు 'ఏ' షిఫ్టులో చిత్తూరు వైపు నుంచి వచ్చిన 28 ఏళ్ళ కుర్రాడు దిగిపోయే ముందు ఇన్సర్ట్ (మెషిన్‌లో లోహాన్ని కోసే ముక్క) మార్చాడు, రిజిస్టర్‌లో రాయలేదు. బీ షిఫ్టుకు వచ్చిన 44 ఏళ్ళ తమిళాయన ఫస్ట్ పీస్ కొలవకుండా మెషిన్ నడిపారు. 38 పీసులు అండర్‌సైజ్. మీరు మెమో ఆయనకొక్కరికే ఇచ్చారు. మర్నాడు టీ దగ్గర ఆయన "ఊరొదిలి వచ్చినవాళ్ళకి పనేం తెలుసు" అన్నారు, కుర్రాడు అందరి ముందూ "పోడా" అన్నాడు. మూడు వారాలుగా మాటల్లేవు, హ్యాండోవర్ అంతా హెల్పర్ నోటి మీదుగా నడుస్తోంది. హెచ్‌ఆర్ ఇద్దరికీ వార్నింగ్ లెటర్ ఇద్దామంటోంది. మీకేమో కూర్చోబెట్టి మాట్లాడించాలని ఉంది.

కూర్చోబెట్టండి. అయితే మధ్యలో కూర్చునేది మీరు కాకూడదు. ఇన్సర్ట్ మార్చి, అప్పటిదాకా పోగైన వేర్ ఆఫ్‌సెట్‌ను (పాత ఇన్సర్ట్ అరుగుదలకు మెషిన్‌లో వేసిన సర్దుబాటును) సున్నా చేయకపోతే కొత్త ఇన్సర్ట్ ఎక్కువ కోస్తుంది, సైజు తగ్గుతుంది. ఆ తప్పు 'ఏ' షిఫ్టుది. ఫస్ట్ పీస్‌కు మైక్రోమీటర్ పెట్టి ఉంటే నష్టం ఒక్క పీసుతో ఆగేది. ఆ తప్పు బీ షిఫ్టుది. మెమో మాత్రం ఒక్కరికే వెళ్ళింది. పైగా మీరూ తెలుగువారే, కుర్రాడూ తెలుగువాడే. మీరు కావాలని చేయలేదు, కానీ ఆయనకు మాత్రం "వాళ్ళ వాణ్ణి కాపాడుకున్నాడు" అనే అనిపిస్తుంది. కాబట్టి ఈ గొడవలో మీదీ ఒక కుర్చీ ఉంది. టూల్ రూమ్ నుంచో మెయింటెనెన్స్ నుంచో ఇద్దరూ గౌరవించే మనిషిని, రెండు భాషలూ తెలిసినవారిని, మాట్లాడించే పనికి అడగండి. ఆ మనిషి వీళ్ళ అప్రైజల్ రాసేవారు కాకూడదు.

దీన్ని ఊళ్ళో రచ్చబండ పంచాయితీలా ఊహించుకోకండి. అక్కడ పెద్దమనిషి విని తీర్పు చెబుతాడు. ఇక్కడ మాట్లాడించేవారు తీర్పు చెప్పరు, ఎవరిది ఎంత తప్పో కొలవరు. ఎవరికి ఏం నష్టం జరిగింది, దాన్ని పూడ్చడానికి ఎవరు ఏం చేస్తారు అన్న రెండే తేలాలి. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు 22 చోట్ల ఆస్తులు పాడుచేస్తే, వాళ్ళను నష్టపోయినవాళ్ళ గుమ్మాల దగ్గరికి తీసుకెళ్ళి నేరుగా మాట్లాడించారు. రిస్టోరేటివ్ జస్టిస్ అనే ఈ పద్ధతిని ఈ కాలంలో మొదలుపెట్టినది ఆ కేసే అంటారు. మీరు వాడబోయే ప్రశ్నల వరుస మాత్రం 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలోని వాగా వాగాలో టెర్రీ ఓకానెల్ అనే పోలీసు సార్జెంట్ నడిపిన సమావేశాల నుంచి వచ్చింది.

అసలు పని ఉమ్మడి సమావేశానికి ముందే జరుగుతుంది. ఒక్కొక్కరితో విడివిడిగా 30 నుంచి 40 నిమిషాలు, డ్యూటీ టైములో, జీతం పోకుండా. మీతో కూడా, ఎందుకంటే మీరూ ఒక పక్షం. ఇష్టం లేకపోతే రాకపోవచ్చని ముందే చెప్పాలి, రానందుకు ఎక్కడా ఏదీ రాయకూడదు. ప్రశ్నలు ఇవే: ఏం జరిగింది? అప్పుడు మీ మనసులో ఏముంది? ఆ తర్వాత ఏమనిపిస్తోంది? దీనివల్ల ఎవరెవరికి ఇబ్బంది అయ్యింది? సర్దుకోవాలంటే ఏం జరగాలి? "ఎందుకు చేశావు" అని మాత్రం అడగొద్దు. ఆ మాట వినగానే మనిషి సాకు వెతుక్కుంటాడు, ఇక విచారణ మొదలైనట్టే.

ఈ విడి మాటల్లోనే అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో బయటపడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆయనకు 38 పీసుల కన్నా ఆ "డా" ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది. తమిళంలో పదహారేళ్ళు పెద్దవాణ్ణి, చనువు లేకుండా, హెల్పర్ల ముందు "డా" అనడం మన దగ్గర పెద్దాయన్ని "ఒరేయ్" అన్నంత పని. కుర్రాడికి అది సినిమాల్లో విన్న మాటే కావచ్చు, దాని బరువు తెలిసి ఉండకపోవచ్చు. అటు ఆయనకేమో "ఊరొదిలి వచ్చినవాళ్ళు" అన్న మాట అద్దె గదిలో ఉంటూ ఇంటికి డబ్బు పంపే కుర్రాడికి ఎలా వినపడిందో తెలియదు. ఒకరి మాట రెండోవాళ్ళకి ఎలా చేరిందో ఎదురెదురుగా వినడమే ఈ సమావేశానికి కారణం. విడిగా మాట్లాడినప్పుడు ఎవరైనా "నేనేమీ అనలేదు, చేయలేదు" అనే మాట దగ్గరే నిలబడితే కలిపి కూర్చోబెట్టకండి. వాళ్ళు సిద్ధంగా లేరు. ఆ స్థితిలో కలిపితే రెండోవాళ్ళకు అదే దెబ్బ మళ్ళీ తగులుతుంది.

ఉమ్మడి సమావేశానికి మీ షాపులో సరైన సమయం షిఫ్ట్ మారే వేళే: మధ్యాహ్నం 2 నుంచి 3:15. కుర్రాడికి ఆ గంటా పావుకు ఓటీ (ఓవర్‌టైమ్) రాయించండి, ఆయన మెషిన్ మీద రిలీఫ్ ఆపరేటర్‌ని పెట్టండి. ఓటీ రాయకపోతే "నా టైమ్ తిన్నారు" అన్న కోపంతోనే వస్తాడు. హెచ్‌ఆర్ క్యాబిన్ వద్దు, అక్కడ అందరికీ మెమోలే గుర్తొస్తాయి. ట్రైనింగ్ రూమ్‌లో నాలుగు కుర్చీలు గుండ్రంగా, మధ్యలో టేబుల్ లేకుండా వేయండి. మంచినీళ్ళుంటే చాలు. ఫోన్లు బయటే.

ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడాలి. కోపం, బాధ పరాయి భాషలో సగమే బయటకొస్తాయి. రెండోవాళ్ళకు అర్థం కాకపోతే మాట్లాడించేవారే చెప్పాలి, మాట మెత్తబరచకుండా. మీరూ కుర్రాడూ తెలుగులో ఒక్క పక్కమాట కూడా అనుకోకూడదు. "నీళ్ళందుకో" అన్నా సరే, ఆయనకు అది గూడుపుఠాణీలాగే ఉంటుంది.

మొదట మీరు మాట్లాడండి. మెమో ఎలా ఇచ్చారో, ఎవరిని అడగలేదో చెప్పండి. పైవాడు తన వంతు ఒప్పుకుంటే కిందివాళ్ళకు ఒప్పుకోవడం తేలికవుతుంది. తర్వాత ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆపకూడదు. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు అందరూ ఊరకుంటారు. చాలామంది ఆ మౌనం భరించలేక అక్కడే చెడగొడతారు, "సరే, ఇద్దరిదీ తప్పే, చేతులు కలపండి" అని. వద్దు. బలవంతంగా కలిపించిన చేయి మర్నాడు టీ దగ్గరే విడిపోతుంది. సారీ అన్న మాట దానంతట అది రావాలి. రాకపోయినా ఒప్పందం కుదరవచ్చు.

ఒప్పందంలో కంటితో చూడగలిగినవే రాయండి. "ఇకపై గౌరవంగా ఉంటాం" అని రాస్తే అది నిలిచిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇలా రాయవచ్చు: 1:50కి ఇద్దరూ మెషిన్ దగ్గర ఉంటారు. ఇన్సర్ట్ మార్చిన సమయం, ఎక్స్ వేర్ ఆఫ్‌సెట్ విలువ, చివరి పీస్ సైజు కార్డు మీద రాసి ఇద్దరూ సంతకం పెడతారు. ఫస్ట్ పీస్ కొలిచాకే ప్రొడక్షన్ మొదలవుతుంది. పిలుపు పేరుతోనో "అన్న"తోనో ఉంటుంది. ఆ పది నిమిషాల కోసం కుర్రాడు తొందరపడకుండా మీరు పంచ్-అవుట్ 2:05కి జరుపుతారు. షెడ్డులో ఎవరైనా అడిగితే "మాట్లాడుకున్నాం, అయిపోయింది" అని ఇద్దరూ ఒకే మాట చెబుతారు. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా అవసరం, లేకపోతే పక్క మెషిన్లవాళ్ళు గొడవను మళ్ళీ రాజేస్తారు. కాగితం తెలుగులోనూ తమిళంలోనూ ఒక్క పేజీ. హెచ్‌ఆర్‌కు ఆ పేజీ మాత్రమే వెళ్ళాలి, లోపల అన్న మాటలు వెళ్ళకూడదు. పీసుల ఖరీదు జీతంలో కోయడం గురించి ఇందులో రాయకండి, దానికి చట్టంలో వేరే దారి ఉంది.

మెమో సంగతి సమావేశానికి ముందే హెచ్‌ఆర్‌తో తేల్చుకోండి: వెనక్కి తీసుకుంటారా, ఫైలులో వివరణ జత చేస్తారా, అలాగే ఉంచుతారా. మీ చేతిలో లేని మాట ఇవ్వకండి.

మీరు రాసిన గొడవకు ఈ దారి సరిపోతుంది. చేయి చేసుకుని ఉంటే, కులం పేరుతో తిట్టి ఉంటే, ఇది తగదు. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీకే వెళ్ళాలి. అక్కడ రాజీ ప్రయత్నం ఫిర్యాదు చేసిన మహిళ కోరితేనే జరుగుతుంది, డబ్బు ఆధారంగా రాజీ చేయకూడదు. ఇన్‌చార్జ్ స్థాయిలో దాన్ని కూర్చోబెట్టి సర్దడానికి ప్రయత్నించవద్దు.

7వ రోజు, 30వ రోజు మాట్లాడించిన మనిషే ఇద్దరినీ విడివిడిగా పది నిమిషాలు కలవాలి. కార్డులు తిరగేసి సంతకాలు ఎన్ని రోజులు తప్పాయో చూడాలి. రెండు మూడు తప్పితే తిట్టకుండా 1:50కి ఏం అడ్డొస్తోందో అడగాలి. అప్పుడే హెల్పర్‌ని కూడా పక్కకు పిలిచి అడగండి, ఇంకా తన చేత కబుర్లు పంపుతున్నారా అని. మూడు వారాలు ఇద్దరి కోపమూ మోసింది ఆ పిల్లవాడే, ఇప్పటిదాకా అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.