గోడలో తుప్పు, మీటింగులో తగువు

ప్రశ్న: మాది 36 ఇళ్ల సముదాయం. ఆరేసి ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఒక్కో వరస. కట్టి 40 ఏళ్లు దాటింది, పైపులన్నీ అప్పటి జీఐవే, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులే. పొద్దున్నే కుళాయి తిప్పితే ముందు ఎర్రనీళ్లు వస్తాయి, ఒకరు స్నానం చేస్తుంటే వంటింట్లో ధార సన్నబడిపోతుంది. ఈ ఏడాదిలోనే ఐదిళ్లలో గోడలు చెమ్మగిల్లాయి. అన్నీ ఒకేసారి మార్పిద్దామని అసోసియేషన్‌లో పెడితే, కొందరు ‘మా ఇంట్లో బాగానే ఉంది, మేమెందుకు కట్టాలి’ అంటున్నారు. ఇద్దరు ఇప్పటికే సొంతంగా మార్పించుకున్నారు. ఒకాయనైతే గుమ్మం తొక్కనివ్వనంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు వద్దన్న కార్యదర్శి

జవాబు: కార్యదర్శి గారూ, ముందు ఒక్క పని చేయకండి. ప్లంబర్లను పిలిచి కొటేషన్లు అడక్కండి. అందరూ అక్కడే మొదలుపెడతారు, మేమూ మా కాంప్లెక్సులో అక్కడే మొదలుపెట్టాం. ముగ్గురు వచ్చి మూడు రకాల పైపులు, మూడు దారులు, మూడు అంకెలు చెప్పి వెళ్లారు. రెండు మీటింగులు ఆ అంకెల మీద కొట్టుకున్నాక గానీ మేం పోల్చి చూస్తున్నది ఒకే పనిని కాదని ఎవరికీ తట్టలేదు. ఒకాయన లెక్కలో గోడలు మూయడమే లేదు!

మొదట తేల్చాల్సింది ఏ పైపు ఎవరిదన్నది. బైలాస్, అంటే అసోసియేషన్ నియమావళి తీయండి, ఇళ్ల పత్రాలు తీయండి. ఇంటి వాల్వు దాటాక లోపలిదంతా ఇంటివారిది, దానికి ముందున్నది ఉమ్మడిది అని చాలాచోట్ల రాసుకుంటారు. కానీ వరస ఇళ్లలో చిక్కేమిటంటే నాలుగో ఇంటికి నీళ్లిచ్చే పైపు రెండో ఇంటి నేల కింద నుంచో, ఇద్దరికీ మధ్యనున్న గోడలోంచో పోతుంటుంది. అది ఎవరిది? పత్రాల్లో ఉంటే సరే, లేకపోతే ఒకసారి లాయరుకు చూపించి, డబ్బు మాట ఎత్తకముందే తీర్మానం రాసుకోండి. డబ్బు మాట వచ్చాక ఏ వాక్యానికైనా రెండర్థాలు పుట్టుకొస్తాయి.

ఇక ‘మా ఇంట్లో బాగానే ఉంది’ అనేవాళ్ల సంగతి. వాళ్లతో వాదించకండి. ఈసారి ఎక్కడైనా లీకు కోసం పైపు కోస్తే ఆ ముక్కను పారేయొద్దని ప్లంబరుకు చెప్పి, దాన్ని నిలువునా చీల్పించి మీటింగులో బల్ల మీద పెట్టండి. పైకి గట్టిగా కనిపించే పైపులో లోపల తుప్పు గడ్డలు గడ్డలుగా కట్టి, నీళ్లు పోవడానికి వేలెడు సందు కూడా మిగలదు. జింకు పూత అరిగాక ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తింటుంది, మీ ధార సన్నబడింది అందుకే. లీకు మాత్రం ముందు పైపు చివర్లో బిగించడానికి మర చుట్లు కోసినచోట వస్తుంది, ఎందుకంటే అక్కడ పైపు మందం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. అన్ని ఇళ్లకూ ఒకే ఏడాది వేసిన పైపులు, ఒకే నీళ్లు. ఇవాళ ఐదిళ్లలో పోయిందంటే మిగతావి బాగున్నట్టు కాదు, వాటి వంతు రాలేదంతే. మా దగ్గర గంట ఉపన్యాసం చేయలేని పని ఆ జానెడు ముక్క చేసింది.

సొంతంగా మార్పించుకున్న ఇద్దరినీ దోషుల్లా చూడకండి, తొందరపడి మాఫీ కూడా ఇవ్వకండి. వాళ్ల పైపులకూ మిగతావాటికి చేసే ప్రెషర్ టెస్టే (ఒత్తిడితో నీళ్లు నింపి లీకు చూడటం) చేయించండి, నిలబడితే లోపలి పనిలో వాళ్ల వాటా తీసేయండి, ఉమ్మడి లైను వాటా మాత్రం అందరితో పాటు కట్టాల్సిందే. ఒకటి చూడండి: పాత జీఐకి రాగి పైపు నేరుగా బిగించి ఉంటే ఆ అతుకు దగ్గర ఇనుము ఇంకా వేగంగా తుప్పు పడుతుంది, రెండు లోహాలూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ప్రత్యేకమైన యూనియన్ (రెండు పైపులను కలిపే అతుకు) ఉండాలి.

ఇప్పుడు పని. మొట్టమొదట మార్చాల్సింది పైపులు కాదు, వాల్వులు. పాత గేట్ వాల్వులు ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటాయి. తిప్పితే పూర్తిగా మూసుకోవు, లేదా కాడ విరిగి చేతికొస్తుంది. ఒక ఇంట్లో పని కోసం 36 ఇళ్లకూ నీళ్లు ఆపాల్సి వస్తే మూడో రోజుకే కాలనీ మీ మీద తిరగబడుతుంది. వరసకొకటి, ఇంటికొకటి కొత్త బాల్ వాల్వు పెట్టించండి, ఇంటిది బయటి నుంచి చేయి అందేలా ఉండాలి. పెద్ద పని ఆర్నెల్లు వాయిదా పడినా ఈ ఖర్చు వృథా పోదు.

తర్వాత ఒక్క ఇంట్లో చేసి చూడండి, అది మీ ఇల్లే అయితే మరీ మంచిది. నిజంగా ఎన్ని రోజులు పడుతుందో, ఎన్నిచోట్ల గోడ పగలగొట్టాలో అక్కడే తెలుస్తుంది, అప్పుడు కొటేషన్లు అడిగితే అందరూ ఒకే పనికి రేటు చెబుతారు. పనిని వరస వారీగా, వరసలో జంటలు జంటలుగా సాగించండి. ఇలాంటి ఇళ్లు చాలావరకు అద్దంలో బొమ్మల్లా తిరగేసి కడతారు కాబట్టి పక్కపక్క ఇళ్ల బాత్రూములు వీపు వీపు ఆనించుకుని ఉంటాయి. ఒకవైపు గోడ తెరిస్తే రెండిళ్ల పైపులూ అందే వీలుంటుంది. అప్పుడు పగిలేది ఎవరి టైల్సు? నిజమైన తగువు పైపుల దగ్గర రాదండీ, ఈ టైల్సు దగ్గరే వస్తుంది. పాత టైల్సుకు జత దొరకదు. అందుకే టైల్సు లేని వైపు నుంచి, బీరువా వెనక నుంచో మెట్ల కింద నుంచో తెరవమనండి, తప్పనప్పుడు పగిలినవాళ్ల నష్టం ఇద్దరూ పంచుకోవాలని ముందే రాసుకోండి. కాంట్రాక్టరు పని ఎక్కడ ఆగుతుందో, ప్లాస్టరింగ్ వరకా, రంగు వరకా అన్నది కూడా కాగితం మీద ఉండాలి. రోజూ సాయంత్రానికి కనీసం ఒక కుళాయికి నీళ్లు రావాలన్న షరతు మర్చిపోకండి. మంచం పట్టిన పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇళ్ల జాబితా ముందే రాసిపెట్టుకుంటే వాళ్ల వంతు వాళ్లకు వీలైన రోజుకు జరపొచ్చు.

ఏ పైపు వేయాలన్నది ఓటింగుకు పెట్టకండి, ఒక ఇంజినీరుకు అప్పగించండి. సీపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ పైపు 93 డిగ్రీల వేడి వరకు తట్టుకుంటుంది, అయితే కొన్ని నూనెలు, సీలెంట్లు తగిలితే పగుళ్లిస్తుంది, జిగురు ఆరకముందే నీళ్లు వదిలితే అతుకు ఊడుతుంది. పెక్స్ అనే మరో రకం ప్లాస్టిక్ పైపు వంగుతుంది కాబట్టి అతుకులు తక్కువ, గోడలు తక్కువ పగలగొట్టాలి, కానీ ఎండకు పాడవుతుంది, ఎలుకలు కొరుకుతాయి. రాగి మన్నికైనదే గానీ గోడలో మంట పెట్టి అతకాలంటే పక్కిల్లు గుర్తుంచుకోవాలి. నన్నడిగితే మీ ప్లంబర్ల చేతికి బాగా అలవాటైనదే వేయించండి. చెడ్డ అతుకును ఏ మంచి పైపూ కాపాడలేదు.

ప్లంబరు చెప్పని విషయం ఒకటుంది, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చాలా పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగు నీళ్ల పైపుకే కట్టి ఉంటుంది. ఇనుము తీసి ప్లాస్టిక్ వేస్తే ఎర్తింగు పోతుంది, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి కాబట్టి ఎవరికైనా షాక్ కొట్టేదాకా తెలియదు. ఎలక్ట్రీషియన్ ముందు చూసి, అవసరమైతే వేరే ఎర్తింగు వేశాకే పాత పైపు మీద చేయి వేయాలి. అలాగే ఇంటికీ ఇంటికీ మధ్య గోడలో చేసే ప్రతి రంధ్రాన్ని మంట దాటని పదార్థంతో మూయాలి, పైపుకు హాని చేయని రకం చూసుకుని. పాత పైపుల చుట్టూ తెల్లటి పొరలాంటిది చుట్టి ఉంటే గీకకండి, అది ఆస్బెస్టాస్ కావచ్చు, పరీక్ష చేయించాకే ముట్టుకోవాలి.

గోడలు మూసేముందు మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, ఇంటివారి కళ్ల ముందే గేజి చూపించి టెస్ట్ చేయించండి. ప్లాస్టిక్ పైపులు మొదట కాస్త సాగుతాయి, ముల్లు కొంచెం దిగితే గాభరా పడొద్దు, మళ్లీ నింపి చూడాలి. కొలిచే టేపు ఆనించి ప్రతి గోడకూ ఫొటోలు తీయండి, పదేళ్ల తర్వాత మేకు కొట్టేవాడికి పనికొస్తాయి. ఆఖరి వాయిదా డబ్బు టెస్టు, గోడల మూత రెండూ అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.

గుమ్మం తొక్కనివ్వనన్న ఆయనతో పోట్లాడి అలిసిపోకండి. ఉమ్మడి పైపు ఆయన ఇంట్లోంచి పోతుంటే దాన్ని బయట నుంచి తిప్పేయండి, కోర్టు గొడవకంటే అది చాలాసార్లు చవక. ఆయన ఇంటికి వాల్వు బిగించి, పాత లైను వల్ల పక్కింటికి నష్టం వస్తే బాధ్యత ఆయనదేనని ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మా దగ్గర అలాంటాయన సంతకానికి పెన్ను తీసి, ఉత్తరం రెండుసార్లు చదివి, ‘పని ఎప్పుడు మొదలు’ అని అడిగారు.

ప్రశ్న: మా కాంప్లెక్సులో కొత్త పైపులు వేశాక కుళాయి కట్టేసినప్పుడల్లా గోడలో దబ్‌మని మోత. పాత ట్యాపులు కూడా కారుతున్నాయి. పని చెడగొట్టారా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాకపోవచ్చమ్మా. పాత పైపుల్లో పేరుకున్న తుప్పు నీళ్ల వేగాన్ని అణిచిపెట్టింది. ఇప్పుడు దారి తెరుచుకుని నీళ్లు వేగంగా వస్తున్నాయి, ఒక్కసారిగా ఆపితే ఆ ఊపంతా పైపును గుద్దుతుంది. అరిగిన వాషర్ల మీదా అదే జోరు పడుతోంది. అన్ని కుళాయిలూ కట్టేసి గేజితో ఒత్తిడి చూడమనండి. 80 పీఎస్ఐ, అంటే సుమారు 5.5 బార్ దాటితే ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టించుకోవాలి. పైపును గోడకు పట్టే క్లిప్పులు వదులుగా ఉన్నా ఇదే మోత వస్తుంది, అది మాత్రం వాళ్ల తప్పే, పిలిపించి బిగింపించండి. ట్యాపుల మూతి జల్లెడలు కూడా విప్పి కడగండి, పనిలో రాలిన చెత్త అక్కడే చేరుతుంది.

ప్రశ్న: నీళ్ల పైపులతో పాటు మురుగు పైపులూ మార్చేయాలా?
– మరో పాఠకుడు

జవాబు: కెమెరా దింపి చూడకుండా మార్చకండి. గోడ ఎలాగూ తెరిచాం కదా అని మొదలుపెడితే బడ్జెట్ రెండింతలవుతుంది. పోత ఇనుము పైపులు నిలువుగా ఉన్నచోట బాగానే ఉండి, నేల కింద అడ్డంగా పోయేచోట అడుగు తినేసి ఉండటం మామూలే. ఆ భాగం ఒక్కటే మార్చినా సరిపోవచ్చు. చూసే పని మాత్రం టైల్సు వేయకముందే కానివ్వండి.