తెలుగు టీచర్ లేరని పాపను బడి మాన్పించవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు, ఇప్పుడు అన్నీ ఒడియాలోనే చెబుతున్నారు. అర్థంకాక రోజూ ఏడుపు. నేను బీఎడ్ చేశాను. బడి మాన్పించి ఇంట్లోనే తెలుగులో చెప్పుకుంటే మా మీద కేసు పెడతారా?

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండమ్మా. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని 2009 విద్యా హక్కు చట్టం సెక్షన్ 10 అంటుంది గానీ, చేర్చకపోతే జైలనో జరిమానా అనో అందులో ఎక్కడా లేదు. అలాగని ఇంటి చదువుకు గుర్తింపు ఇచ్చిందీ లేదు, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు మాత్రం 2012 సవరణలో ఆ వెసులుబాటు పెట్టారు. పక్కింటి పిల్లల్నీ కూర్చోబెట్టుకుని బడిలా నడిపితే మాత్రం సంగతి వేరు, గుర్తింపు లేని బడికి లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది.

కేసు లేకపోయినా మాన్పించొద్దనే చెబుతాను. తెలుగు పిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోతే "చదివేవాళ్లే లేరు, పోస్టెందుకు" అంటారు, మీ పాపతో పాటు వెనక వచ్చే పిల్లలకూ దారి మూసుకుపోతుంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. విద్యా హక్కు చట్టం సెక్షన్ 29 కూడా అదే అంటుంది, కాకపోతే "సాధ్యమైనంత వరకు" అని ఉంది కాబట్టి సాధ్యమేనని మనమే లెక్కతో చూపించాలి.

తెలుగు తల్లిదండ్రులంతా కలిసి ఏ తరగతిలో ఎంతమంది తెలుగు పిల్లలున్నారో పేర్లతో సహా ఒడియాలో అర్జీ రాయించండి. బ్లాక్ విద్యాధికారికీ, మున్సిపాలిటీకీ ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి, ముద్ర లేని కాపీ రేపు దేనికీ పనికిరాదు. సెక్షన్ 32 ప్రకారం ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలి. తేల్చింది మీకు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, కేంద్రంలో భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కూ రాయండి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, మీరూ కూర్చోండి, ఈ విషయం తీర్మానం చేయించండి. ఈలోగా సాయంత్రాలు ఇంట్లో తెలుగు చదివించడం, లెక్కలు తెలుగులో మళ్లీ చెప్పడం ఆపకండి, మీ బీఎడ్ అక్కడ బాగా ఉపయోగపడుతుంది.

పాప మరీ బెంగ పెట్టుకుంటుంటే పక్కనే ఆంధ్రలో పాతపట్నం ఉంది. సెక్షన్ 5 ప్రకారం వేరే రాష్ట్రంలోని ప్రభుత్వ బడికైనా మారే హక్కు ఉంది, ఇక్కడి హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని అక్కడివాళ్లు చేర్చుకోవడం ఆపకూడదు.