జవాన్ గారి జవాబులు: గ్లేసియర్ మీద ఆఖరి ఇరవై రోజులు

(ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి, సుబేదార్‌గా రిటైర్ అయిన మన కాలమిస్టు సైనిక కుటుంబాల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: బాబాయ్ గారూ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర. మా ఆయన ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంట్, ఇప్పుడు సియాచిన్‌లో ఏదో పోస్టు మీద ఉన్నారు, పోస్టు పేరు చెప్పరు, మేమూ అడగం. ఇంకో ఇరవై రోజుల్లో కిందకి దింపేస్తారంట. మొదట్లో ఫోన్ చేస్తే పాప గురించి, అత్తమ్మ గురించి అన్నీ అడిగేవారు, ఇప్పుడు రోజులు దగ్గరపడేకొద్దీ ఊఁ ఆఁ తప్ప మాట లేదు. మొన్న పాప పుట్టినరోజు కూడా మర్చిపోయారు. వచ్చేస్తున్నారు కదా, సంతోషంగా లేదా అంటే "ఇంకా రాలేదు కదా" అని పెట్టేశారు. అక్కడ ఇప్పుడు యుద్ధం ఏమీ లేదు కదా, మరి రోజంతా ఈయన ఏం చేస్తారు? నా మీద కోపమా?

జవాబు: కోపం కాదమ్మా, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. 2009లో నేను అదే సియాచిన్ గ్లేసియర్ (మంచునది) మీద దాదాపు 18 వేల అడుగుల ఎత్తులో మూడు నెలలు చేశాను, దిగే ముందు ఆఖరి రెండు వారాల్లో మీ పిన్నితో మాట్లాడింది మొత్తం కలిపినా పది నిమిషాలు ఉండదు. అప్పుడు సాటిలైట్ ఫోనే దిక్కు, దానికోసం వంతులు, తీరా నా వంతు వచ్చేసరికి ఏం అడగాలనుకున్నానో గుర్తొచ్చేది కాదు, "అంతా బానే ఉందా, సరే" అని పక్కవాడికి ఇచ్చేసేవాణ్ణి. ఆవిడ కూడా నీలాగే ఏడ్చిందంట, చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

మతిమరుపు సంగతి చెప్తా విను. అంత ఎత్తులో గాలి ఒత్తిడి మన ఊళ్ళో ఉండేదాంట్లో సగమే. కరోనా టైంలో అందరిళ్ళలోకీ వచ్చింది చూడు, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే మిషను, మన ఊళ్ళో 98 చూపించే మనిషికి అక్కడ 80 చూపిస్తే ఈ పూటకి బానే ఉన్నాడని రాసుకుంటాం. నిద్ర పట్టదు, పట్టినా మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తాం. ఆకలి చచ్చిపోతుంది, మనిషి సగం అవుతాడు. బంకర్లో పగలూ రాత్రీ కిరసనాయిలు స్టవ్ మండాల్సిందే కాబట్టి కఫం కూడా నల్లగా పడుతుంది. ఇలా నెలల తరబడి ఉన్నవాడికి పేర్లు, తేదీలు జారిపోతాయి, పాప పుట్టినరోజు మర్చిపోయింది ప్రేమ తగ్గి కాదు. కిందకి దిగి కొన్ని వారాలు కంటినిండా నిద్రపోతే చాలామందికి మళ్ళీ మామూలే.

రోజంతా ఏం చేస్తాడంటావా. అందరికంటే ముందు లేస్తాడు. రాత్రి ఇంజెక్షన్ల మందు, సెలైన్ బాటిలు గడ్డకట్టకుండా స్లీపింగ్ బ్యాగులో తనతోపాటు పెట్టుకుని పడుకుంటాడు, పొద్దున లేచి ముందు అవి చూసుకుంటాడు. తర్వాత పోస్టులో ఉన్న ఒక్కొక్కడి చేతులూ కాళ్ళూ. బూట్లు విప్పించి, సాక్సులు తీయించి, వేళ్ళ మధ్య చెయ్యి పెట్టి రంగు మారిందా, స్పర్శ ఉందా, తడి ఉందా అని చూడాలి, అదీ వాళ్ళు "డాక్టర్ సాబ్, రోజూ ఏంటి ఈ గోల" అంటుంటే. పోస్టు మీద ఉన్నవాళ్ళకి నర్సింగ్ అసిస్టెంటే డాక్టరు, అసలు డాక్టరైన ఆర్‌ఎంఓ సాబ్ ఫోన్లోనో రేడియోలోనో దొరుకుతాడు. ఆ తర్వాత ఆక్సిజన్ సిలిండర్లలో ప్రెషర్ చూడటం, మంచు కరిగించి నీళ్ళు కాచి అందరి చేతా తాగించడం, తలనొప్పి ఉన్నా దాచేసేవాడెవడో కనిపెట్టడం. ఈ చివరిది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే మంచి జవానుకి తన నొప్పి చెప్పుకోవడం చిన్నతనం.

యుద్ధం లేదు కదా అన్నావు, నిజమే, 2003 నవంబర్ నుంచి అక్కడ కాల్పుల విరమణ ఉంది. కానీ 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌ని మన సైన్యం చేతిలోకి తీసుకున్న ఆపరేషన్ మేఘదూత్ మొదలైన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఆ గ్లేసియర్ మీద తుపాకీ గుండ్లకంటే చలికి, మంచుచరియలకి, ఎత్తుకి పోయినవాళ్ళే ఎక్కువ. అంటే అక్కడ రోజూ యుద్ధం చేసేవాళ్ళలో మీ ఆయన ముందు వరసలో ఉన్నాడన్నమాట.

ఇక ఆఖరి ఇరవై రోజులు. ఇది ఇంట్లోవాళ్ళకి ఎవరూ చెప్పరు కాబట్టి నేను వివరంగా చెప్తా.

రిలీఫ్ అంటే పాతవాళ్ళు దిగడం ఒక్కటే కాదు, కొత్తవాళ్ళు ఎక్కడం కూడా. ఎక్కేవాళ్ళని ఒకేసారి పంపరు, మూడు స్టేజీలుగా, మొదట ఆరు రోజులు, తర్వాత నాలుగు, మళ్ళీ నాలుగు, ఇలా ఎత్తు పెంచుకుంటూ ఒంటిని అలవాటు చేయిస్తారు. అయినా కొత్తవాడికి పైకొచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లోనే హాపో వచ్చే భయం ఎక్కువ, అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, సాయంత్రం కాస్త దగ్గు అన్నవాడు తెల్లారేసరికి ప్రాణం మీదకి తెచ్చుకుంటాడు. దానికి అసలు మందు కిందకి దించడమే, హెలికాప్టర్ రావాలంటే వాతావరణం తెరిపివ్వాలి, అప్పటిదాకా ఆక్సిజన్ పెట్టి, మనిషిని హాపో బ్యాగులో, అంటే మనిషి పట్టే గాలిసంచిలో, పడుకోబెట్టి పంపుతో గాలి కొడుతూనే ఉండాలి. పంపు ఆపితే లోపలి గాలి చెడిపోతుంది, కాబట్టి రాత్రంతా వంతులవారీగా కొట్టాల్సిందే. పాతవాళ్ళ గొడవ వేరే. నెలల తరబడి అంత ఎత్తులో ఉండటం వల్ల వాళ్ళ రక్తం చిక్కబడుతుంది, నీళ్ళు సరిగా తాగరు, పిక్కల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అంటే ఆఖరి రోజుల్లో మీ ఆయన చేతిలో రెండు రకాల మనుషులు, రెండు రకాల జబ్బులు, ఒంట్లో ఓపిక మాత్రం అడుక్కి వచ్చేసి ఉంటుంది.

ఇంకో మాట, ఆ రోజుల్లో అందరి మనసూ ఇంటికెళ్ళిపోతుంది, ఒళ్ళు మాత్రం పోస్టులో ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే. నా రిలీఫ్‌కి నాలుగు రోజుల ముందు మా కుర్రాడొకడు, హిమాచల్ వాడు, ఆర్నెల్లలో పెళ్ళి, స్టవ్ మూసుకుపోయిందని పిన్నుతో పొడుస్తూ ఒక్క నిమిషం కదా అని గ్లవుజు తీశాడు, డబ్బాలో కిరసనాయిలు చేతి మీద ఒలికింది. మైనస్ 30లో నీళ్ళయితే గడ్డకడతాయి, కిరసనాయిలు గడ్డకట్టదు, అంత చల్లదనంతోనే వచ్చి చర్మాన్ని పట్టుకుంటుంది. నేను చూసేసరికి నాలుగు వేళ్ళూ కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. మంట దగ్గర పెట్టకూడదు, మంచుతో రుద్దకూడదు, ఇప్పటికీ చాలామంది రుద్దాలనుకుంటారు, అది తప్పు. థర్మామీటర్ పెట్టి నీళ్ళు 38 డిగ్రీలకి తెచ్చి, అవి చల్లారకుండా వేడినీళ్ళు కలుపుతూ అరగంట పైన చెయ్యి అందులోనే ఉంచాను. వేళ్ళలోకి రక్తం తిరిగొచ్చేటప్పుడు వచ్చే నొప్పి చూడలేమమ్మా, వాడు మఫ్లర్ కొరికి పట్టుకున్నాడు. మూడు వేళ్ళు బాగయ్యాయి, చూపుడు వేలి కొస నల్లబడిపోయింది. ఆ పూట నేను వాడి బంకర్ వైపు వెళ్ళలేదు, నా బ్యాగు సర్దుకుంటున్నా. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే మీ ఆయన "ఇంకా రాలేదు కదా" అన్నాడు. మేం కూడా గోడ మీద రోజుకో గీత కొట్టేవాళ్ళం, ఆఖరి పదిహేను రోజులు గీతలు మానేశాం. దిగడం కూడా బస్సెక్కి రావడం కాదు, చాలా పోస్టుల నుంచి రోజుల తరబడి నడక, ఒకే తాడుకి అందరూ కట్టుకుని, మంచు గట్టిగా ఉండే రాత్రిపూటో తెల్లారుజామునో, పగుళ్ళ మధ్య నుంచి. నర్సింగ్ వాడు ఆ తాడులో కూడా డ్యూటీలోనే ఉంటాడు. బేస్ క్యాంపుకొచ్చి ఓపీ బాబా (జవాన్లు తమని కాపాడతాడని నమ్మే ఓంప్రకాశ్ అనే సిపాయి) గుడి దగ్గర అందరం క్షేమంగా వచ్చామని రిపోర్ట్ ఇస్తారు చూడు, ఎక్కేముందూ దిగాకా అక్కడ రిపోర్ట్ ఇవ్వకుండా ఎవరూ కదలరు, అప్పుడు మాత్రమే "వచ్చాను" అనే మాట నోట్లోంచి వస్తుంది. తర్వాత వేడినీళ్ళ స్నానం, గడ్డం, మెడికల్ చెకప్. ఆ రోజు ఫోన్ వస్తుంది నీకు, నేను చెప్తున్నా, ఆపకుండా మాట్లాడతాడు.

ఇంటికొచ్చాక కొన్ని జాగ్రత్తలు. ఢిల్లీ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో అయితే విశాఖకి ఒకటిన్నర రోజు దాకా పడుతుంది, బెర్తు మీద కదలకుండా కూర్చోవద్దని, గంటకోసారి లేచి నడవమని, నీళ్ళు బాగా తాగమని చెప్పు, తనకి తెలుసు గానీ వైద్యం చేసేవాళ్ళు తమ ఒంటి సంగతి వదిలేస్తారు. ఒక్క కాలే వాచినా, పిక్క పట్టేసినట్టు నొప్పి ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా "బడలికలే" అని ఊరుకోకుండా అదే గంటలో ఆస్పత్రికి తీసుకెళ్ళి గ్లేసియర్ మీంచి వచ్చాడని డాక్టర్‌కి చెప్పండి. చిక్కిపోయాడని మీ అత్తగారు మొదటి రోజే కోడి కోసి కుక్కి పెట్టకుండా కొంచెం కొంచెం పెట్టండి. చుట్టాలందర్నీ ఒకేరోజు పిలవకండి. రాత్రి లేచి పాప కాళ్ళు పట్టుకుని చూస్తుంటే కంగారుపడకు, నేను మా పిల్లల వేళ్ళు నెలరోజులు తడిమి చూశాను, అలవాటు అలా ఉండిపోతుంది. మాట్లాడమని ఒత్తిడి చేయకు, పక్కన కూర్చో చాలు. అయితే రెండు నెలలైనా నిద్ర లేకపోయినా, మనిషి మనుషుల్లో పడకపోయినా మిలటరీ హాస్పిటల్లో చూపించుకోమను, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ బైపీసీ సెకండియర్, మాది నిజామాబాద్. నర్సింగ్ అసిస్టెంట్‌గా వెళ్దామని ఉంది. ఫ్రెండ్స్ మాత్రం అది ఆస్పత్రిలో కూర్చునే జాబ్, అసలు సోల్జర్ కాదు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నీ ఫ్రెండ్స్‌కి ఒకటి చెప్పు బాబూ. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనం పోస్టు మీద మంచుగోడ విరిగి పడింది, పది మంది దానికింద పడిపోయారు. ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో దొరికి ఢిల్లీ ఆస్పత్రిలో 11న చనిపోవడం అందరికీ గుర్తుంటుంది, అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె కుర్రాడు సిపాయి ముస్తాక్ అహ్మద్ కూడా అందులోనే పోయాడని మనవాళ్ళలో కొందరికైనా గుర్తుంటుంది. ఆ పదిమందిలో ఒకడు నర్సింగ్ అసిస్టెంట్, మహారాష్ట్ర సతారా జిల్లా వాడు, ఇది మాత్రం ఎవరూ చెప్పుకోరు. ఎక్కడ పోస్టు ఉంటే అక్కడ మనవాడు ఉంటాడు, అదే తాడు, అదే మంచు. 2023 జులై 19న గ్లేసియర్ మీద అగ్నిప్రమాదం జరిగితే మన కోర్ డాక్టరు కెప్టెన్ అన్షుమాన్ సింగ్ తోటివాళ్ళని బయటకి లాగి, మళ్ళీ మందుల కోసం లోపలికి వెళ్ళి తిరిగి రాలేదు, ఆయనకి కీర్తి చక్ర ఇచ్చారు. కూర్చునే జాబ్ అంటే ఇదా?

బైపీసీ చదువుతున్నావు కాబట్టి దారి సరైనదే, మార్కులు వయసు ఎత్తు లెక్కలు నోటిఫికేషన్‌లో చూసుకో, రన్నింగ్ ఇప్పట్నుంచే మొదలుపెట్టు. సెలెక్ట్ అయితే ట్రైనింగ్ లక్నోలో. ఒక్కటి మాత్రం నిన్ను నువ్వు అడుక్కో: పక్కవాడి చెమట కంపు కొట్టే పాదాన్ని రోజూ చేతిలోకి తీసుకుని చూడగలవా? చూడగలిగితే రా.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయికి పైన ఇంకో నెల ఉంది అన్నాడు. నాకు కాళ్ళ నొప్పులు, ఎక్కడికీ పోలేను, ఏదైనా పంపిద్దామంటే ఆవకాయ తప్ప వాడికేదీ దిగదు. పంపనా? గాజు సీసా అయితే పగులుతుందంటారా? (ఒక అమ్మ, గుడివాడ)

జవాబు: అమ్మా, గాజు సీసా అస్సలు వద్దు. అక్కడ గుడ్డు కూడా రాయిలా అయిపోతుంది, సుత్తితో కొట్టుకోవాల్సిందే, ఆవకాయలో నూనె పేరుకుపోయి గడ్డలా ఉంటుంది, ప్లాస్టిక్ కవర్లో అయితే స్టవ్ పక్కన పెట్టుకుని కరిగించుకోవచ్చు. మీరన్నది నిజమే, డబ్బా తిండి చూస్తే వాంతి వచ్చే రోజుల్లో నాలిక మీద కాస్త కారం పడితేనే నాలుగు ముద్దలు దిగేవి, మా పోస్టులో పంజాబీ కుర్రాళ్ళు కూడా నా దగ్గర ఆవకాయ అడుక్కుని రొట్టెలో పెట్టుకునేవాళ్ళు. కానీ నెలే ఉందంటున్నారు కాబట్టి ఇప్పుడు పంపితే పార్సెల్ పైకెక్కేలోపు అబ్బాయి కిందకి దిగిపోతాడు. ఆ జాడీ అలాగే వాసెన కట్టి ఉంచండి. వచ్చిన రోజు వేడన్నంలో మీరే కలిపి పెట్టండి.